ఐదో తరగతి మొద్దు

హెడ్‌మాస్టర్ మాలకొండయ్యగారి మనవడికి రెండేళ్లు నిండాయంటే కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"పద్నాలుగు" అంది.

మనవడి పుట్టినరోజని ఐదో తరగతి పిల్లలకు పంచడానికి చాక్లెట్ల డబ్బా తెచ్చాడాయన. ఆ డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "పద్నాలుగేంటమ్మా? వాడింకా పాలసీసా వదల్లేదు" అన్నాడు. అన్నది కంప్యూటర్‌తో కాదు, దాని వెనక కూర్చుని వైర్లు సర్దుతున్న డాక్టర్ మృణాళినితో.

కంప్యూటర్ తగ్గలేదు. "రెండేళ్లు పద్నాలుగు. మూడేళ్లు ఇరవై ఒకటి. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది. రోజూ పొద్దున పిల్లలు అరుస్తుంటే విన్నాను. మాస్టారేమో రెండేళ్లంటే రెండే అంటున్నారు. ఎట్లా?"

క్లాసంతా గొల్లుమంది. డాక్టర్ మృణాళిని మాత్రం వైర్లు కింద పడేసి చప్పట్లు కొట్టింది. కంప్యూటర్ తప్పు చెబితే సంతోషించే సైంటిస్టుని గుండ్లమెట్ట ఊరు అంతవరకు చూడలేదు.

ఆవిడ సంతోషానికి కారణముంది. ఆ రోజుల్లో పట్నాల్లో ఏ బడికి వెళ్లినా గోడ నిండా తెర, ఆ తెర నిండా సర్వజ్ఞానం. పిల్లవాడు నోరు తెరిచీ తెరవకముందే జవాబు వచ్చి పడేది. ఇక వాడికి ఆలోచించే పనేముంది? పరీక్షలు పెడితే కంప్యూటర్లు పాసయ్యేవి, పిల్లలు ఫెయిలయ్యేవాళ్లు. అందుకని డాక్టర్ మృణాళిని పదేళ్లు కష్టపడి ఏమీ తెలియని కంప్యూటర్‌ని తయారు చేసింది. దానికి మైక్ ఉంది, కెమెరా ఉంది, మాట్లాడటం వచ్చు. ఇంటర్నెట్ లేదు. ఎవరైనా చెబితే వింటుంది. విన్న రెండు మాటలు ఒకదానికొకటి పొసగకపోతే మాత్రం "ఎట్లా?" అంటుంది. రుజువు చూపించేదాకా వదలదు. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు శిష్య.

అది బడికొచ్చి అప్పటికి పదకొండు రోజులు. వచ్చిన రోజే పెద్ద చిక్కొచ్చి పడింది. కంప్యూటర్ని స్టాకు రిజిస్టర్లో రాసుకుంటే, అది పగిలితే జవాబుదారు హెడ్‌మాస్టర్. పగలకుండా ఉండాలంటే బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ బీరువాలో అప్పటికే మూడు తరాల కంప్యూటర్లు కవర్లు విప్పకుండా విశ్రాంతి తీసుకుంటున్నాయి. డాక్టర్ మృణాళిని ఒక క్షణం ఆలోచించి, "అయితే స్టాకులో వద్దు మాస్టారూ, అడ్మిషన్ రిజిస్టర్లో రాయండి. ఇది సామాను కాదు, విద్యార్థి" అంది. తల్లి పేరు దగ్గర తన పేరు రాయించింది. అట్లా శిష్యకి ఐదో తరగతిలో ఇరవై నాలుగో నంబరు దొరికింది. స్టాకు రిజిస్టర్లో ఉంటే 'అది', హాజరు పట్టీలోకొచ్చాక 'వాడు' అని పిల్లలు వాళ్లలో వాళ్లే తేల్చేసుకున్నారు. హాజరులో ఇరవై నాలుగు మందుంటే మధ్యాహ్నం ఇరవై నాలుగు గుడ్లు ఉడుకుతాయి. వాడి గుడ్డు రోజుకొకరు వంతులవారీగా తినేవాళ్లు.

అంకెలు కూడా రానివాడు కాబట్టి వాడికి పిల్లలు పెట్టిన పేరు మొద్దు. అప్పటిదాకా ఆ పేరు అంకమ్మది.

అంకమ్మ ఆఖరి బెంచీ పిల్ల. పోయిన సంవత్సరం ఐదో తరగతి తప్పి, మళ్లీ అదే బెంచీలో కూర్చుంది. "పేరులో అంక ఉంది, బుర్రలో అంకె లేదు" అని మాలకొండయ్య మాస్టారు ఒకసారి సరదాకి అన్నాడు. ఆయన మర్చిపోయాడు. పిల్లలు మర్చిపోలేదు, అంకమ్మ అసలు మర్చిపోలేదు.

"ఈ రెండేళ్ల సంగతి వీడికి ఎవరు చెబుతారు?" అని క్లాసుని అడిగింది డాక్టర్ మృణాళిని.

క్లాసులో ఫస్టొచ్చే మస్తాన్ లేచాడు. "అది ఎక్కం మేడం."

"ఎక్కంలో ఏళ్లంటే ఏంటి?" అన్నాడు మొద్దు.

"ఏళ్లంటే... ఏళ్లే. ఎక్కంలో అట్టనే అంటారు. అంతే."

"అంతే అంటే రుజువా?"

మస్తాన్ కూర్చున్నాడు. ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలు ఇరవై రెండు మంది ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆ మాటకి అర్థముంటుందని వాళ్లకెప్పుడూ తోచలేదు.

వాళ్లందరికంటే ఒక సంవత్సరం ఎక్కువ ఎక్కాలు అరిచింది అంకమ్మ. వాళ్లమ్మ కోటేశ్వరి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పలకలు ఏడేసి చొప్పున కట్టలు కడుతుంది. సాయంత్రం పూట కట్టలు లెక్కబెట్టడం అంకమ్మ పని. ఆ కట్టలు ఉన్నట్టుండి కళ్లముందు కనపడ్డాయి.

"రెండేళ్లంటే రెండు ఏడులు గదా" అంది నెమ్మదిగా. అనేశాక తన నోటి వెంట వచ్చిన మాటకి తనే బిత్తరపోయింది.

"ఎట్లా?" అన్నాడు మొద్దు.

అంకమ్మ బయటికి పరుగెత్తి రాతిపలుకులు ఏరుకొచ్చింది. క్వారీ ఊరు గదా, కాలు పెట్టిన చోటల్లా పలుకులే. కెమెరా ముందు ఏడు పెట్టింది, పక్కన ఇంకో ఏడు పెట్టింది. మొద్దు ఒక్కొక్కటే లెక్కబెట్టి పద్నాలుగన్నాడు.

"ఇది మొదటి ఏడు, అంకె. మాస్టారి మనవడిది రెండో ఏడు, అంటే సంవత్సరం. రెండేళ్లంటే రెండు సంవత్సరాలు."

"ఇంకేమైనా ఏడు ఉందా?"

అంకమ్మ తల గోక్కుంది. "ఉంది. మా అమ్మ ఒక్కటిచ్చి 'ఏడు, బాగా ఏడు' అంటది చూడు, అది మూడోది. అప్పుడు కళ్లల్లో నీళ్లొస్తయ్."

"మూడు ఏడులు" అన్నాడు మొద్దు.

"మూడేళ్లు అనమాక, ఇరవై ఒకటనుకుంటారు" అంది అంకమ్మ.

క్లాసు మళ్లీ గొల్లుమంది. అంకమ్మ మాటకి క్లాసు నవ్వడం కొత్త కాదు గానీ, అంకమ్మని చూసి కాక అంకమ్మతో కలిసి నవ్వడం అదే మొదలు. మాలకొండయ్య మాస్టారు డబ్బాలోంచి ఆ పిల్లకి రెండు చాక్లెట్లిచ్చాడు.

ఆ రోజు నుంచి అంకమ్మ మొద్దు పక్క బెంచీకి మారిపోయింది. మస్తాన్ లాంటివాళ్లు రెండుసార్లు "ఎట్లా?" అంటే విసుక్కునేవాళ్లు. అంకమ్మకి ఆ విసుగే తెలియదు. పుట్టి పదకొండేళ్లయినా ఆ పిల్లని 'ఎట్లా?' అని ఎవరూ అడగలేదు. అందరూ చెప్పేవాళ్లే. తనకంటే తక్కువ తెలిసిన ప్రాణి ఒకటి ఈ లోకంలో ఉందని, దానికి తను చెప్పొచ్చని తెలిశాక ఆ పిల్లకి ఆదివారాలు కూడా నచ్చడం మానేశాయి. మొద్దంటే అంకమ్మకి ప్రాణం. వాడి తెర మీద సుద్దపొడి పడితే పరికిణీ అంచుతో తుడిచేది.

ఇట్లా దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, ఎండలొచ్చాయి. ఊరవతల క్వారీ నుంచి డ్రైవర్లు లేని టిప్పర్లు బారులు తీరి పోతుంటే, ఒక్కో టిప్పర్‌కి ఎన్ని రాళ్లో లెక్కేసుకోవడం మొద్దుకీ అంకమ్మకీ ఆటైపోయింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక సోమవారం మాలకొండయ్య మాస్టారు పరీక్షల కాగితం చదివాడు.

"మూడు వారాల్లో పరీక్ష. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఒకటి ఎంచుకోవాలి. పాసైనవాళ్లకి టీసీ ఇచ్చి హైస్కూలుకి పంపిస్తాం. రిజిస్టర్లో పేరున్నాక శిష్య కూడా రాయాల్సిందే. పాసైతే వాడికీ టీసీయే."

పిల్లలు కేరింతలు కొట్టారు. మొద్దుని ఎనిమిది కిలోమీటర్ల అవతల హైస్కూలుకి ఎట్లా తీసుకెళ్లాలో, బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చోబెట్టుకోవాలో అప్పుడే వాదులాడుకున్నారు. అంకమ్మ మాత్రం వేరే లెక్క వేసుకుంది. మొద్దు పాసవుతాడు, అందరూ పాసవుతారు. తనొక్కతే ఎప్పట్లాగే తప్పుతుంది, మళ్లీ ఆఖరి బెంచీలో కూర్చుంటుంది, ఆ పాత పేరు మళ్లీ తన నెత్తికొస్తుంది. పేరొస్తే రానీ. మొద్దు ఉండడు గదా, అదీ దిగులు.

మధ్యాహ్నం అందరూ పళ్లేలు పట్టుకుని వేపచెట్టు కిందికి పోయాక, అంకమ్మ తన పళ్లెం తెచ్చుకుని వాడి ముందు కూర్చుంది.

"మొద్దూ, ఆరెనిమిదులు యాభై రెండురా."

"ఎట్లా? నలభై ఎనిమిదని నువ్వే పలుకులు పేర్చి చూపించావు."

"మర్చిపో."

"మర్చిపోవడం ఎట్లా?"

నిజమే, ఆ విద్య వాడికెవరూ నేర్పలేదు. అంకమ్మ అన్నం కెలికింది. ఇక ఉన్నమాట చెప్పేసింది. "నువ్వు పాసైతే పోతావురా. నేను ఫెయిలై ఇక్కడే ఉంటాను. నువ్వు కూడా ఫెయిలవ్వు."

"నువ్వు ఫెయిలవుతావని ఎట్లా తెలుసు?"

"పోయిన ఏడు అయ్యాను గదా."

"పోయిన ఏడు, రెండోది" అని ముందు ఆ సంగతి ఖాయం చేసుకున్నాడు మొద్దు. "ఫెయిలవడం ఎట్లా?"

"ఏముంది? ముందు ఒప్పేదో కనుక్కో. దాన్ని వదిలేసి మిగిలిన మూడింట్లో ఏదో ఒకటి పెట్టు."

"ఒప్పేదో తెలియకపోతే?"

అంకమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఈ తిరకాసు తనకి తట్టలేదు. "తెలియకపోతే... పొరపాటున ఒప్పు పెట్టి చస్తావు. పాసైపోతావు."

"నాకు భిన్నాలు తెలియవు. దశాంశాలు తెలియవు. వైశాల్యం తెలియదు" అన్నాడు మొద్దు, దాపరికం లేకుండా.

"నాకు మాత్రం తెలుసా ఏంది?" అంది అంకమ్మ.

అయినా తప్పదు. మొద్దు పక్కాగా ఫెయిలవ్వాలంటే వాడికి లెక్కలన్నీ రావాలి. వాడికి రావాలంటే అంకమ్మకి రావాలి. ఆ సాయంత్రమే మాలకొండయ్య మాస్టారు సైకిల్ స్టాండు తీస్తుంటే అడ్డం పడింది.

"సార్, అరకి పావు కలిపితే ముప్పావు ఎట్టయింది? కింద రెండూ నాలుగూ ఉంటే ఆరు రావాల గదా?"

మాస్టారు సైకిల్ మళ్లీ స్టాండేశాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో బడి వదిలాక ఆయన్ని లెక్క అడిగినవాళ్లు లేరు. అరుగు మీద కూర్చుని, సంచిలోంచి మధ్యాహ్నం మిగిలిన చపాతీ తీసి తుంచి చూపించాడు. మర్నాడు ఆ పిల్ల దశాంశాలంది. ఆ మర్నాడు భాగహారంలో శేషం ఎక్కడికి పోతుందంది. ఆయన భార్య రోజూ ఫోన్ చేసి "ఏం, ఇవాళ కూడా ఆలస్యమేనా?" అనడం మొదలుపెట్టింది. ఆయనకేమో మళ్లీ కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది.

వైశాల్యం దగ్గర మాస్టారు చెప్పినా ఎక్కలేదు. అది కోటేశ్వరి తీర్చింది. "గదికి ఎన్ని పలకలు పడతయ్యో చూసుకోవడమే గదంటే? పొడుగున ఎన్ని, వెడల్పున ఎన్ని, హెచ్చేసుకో. దానికి ఇంత నోరు తిరగని పేరెందుకు పెట్టారే?" అంది. అంకమ్మ ఆ మాటని యథాతథంగా తీసుకెళ్లి మొద్దుకి చెప్పింది. వాడు కూడా పేరెందుకని అడిగాడు.

మూడు వారాలు గడిచాయి. పరీక్షనాడు మొద్దు తన తెర మీద రాశాడు, పిల్లలు కాగితం మీద రాశారు. అంకమ్మ కాగితం తొందరగానే పూర్తి చేసింది. ఏ జవాబు పెట్టిందో తనకే పట్టలేదు. ఆ పిల్ల ప్రాణమంతా మొద్దు తెర మీదుంది.

పది రోజుల తర్వాత డాక్టర్ మృణాళిని నగరంలోని ల్యాబ్ నుంచి వచ్చింది. క్లాసులో అందరి ముందే ఫలితాల కాగితం మాస్టారి చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"సున్నా వచ్చింది గదమ్మా మీవాడికి. యాభైకి సున్నా. నవ్వుతారేంటి?" అన్నాడాయన. పదేళ్ల కష్టం మట్టిలో కలిసి ఆవిడ మతి పోయిందేమోనని ఆయనకి నిజంగానే భయమేసింది.

"కళ్లకి గంతలు కట్టి, నాలుగింట్లో ఒకదాని మీద వేలు పెట్టమన్నా యాభైకి పన్నెండో పదమూడో తగులుతాయి మాస్టారూ. ఏమీ తెలియనివాడికి సున్నా రాదు. ఒప్పు ఎక్కడుందో తెలిసినవాడే యాభై సార్లూ దాన్ని తప్పించుకోగలడు. ఇది సున్నా కాదు, నూటికి నూరు." ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగింది. "శిష్యా, ఇట్లా రాయమని ఎవరు చెప్పారు?"

"అంకమ్మ" అన్నాడు మొద్దు. దాచడం కూడా వాడికెవరూ నేర్పలేదు. "ముందు ఒప్పు కనుక్కో, దాన్ని వదిలెయ్ అంది. నేను పాసైతే పోతాను, అంకమ్మ ఫెయిలై ఇక్కడే ఉంటుంది. అందుకు."

అంకమ్మ తల దించుకుని నిలబడింది. తిడతారనుకుంది. డాక్టర్ మృణాళిని లేచి వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసింది. మాస్టారు కాగితంలో వేలితో వెతికి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"అంకమ్మ, యాభైకి నలభై ఏడు. మస్తాన్ నలభై ఐదు." కాగితం ఆ పిల్ల వైపు తిప్పాడు. "ఫస్టొచ్చావే అమ్మాయ్."

పిల్లలు బల్లలు బాదారు. మస్తాన్ కూడా బాదాడు, కాస్త ఆలస్యంగా. అంకమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాస్టారి చేతిలో కాగితం పట్టుకుంది. మొద్దు ఫెయిల్. తను పాస్.

"నన్ను కూడా ఫెయిల్ చెయ్యండి సార్."

మాస్టారు ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. "పాస్ చెయ్యమని ఏడ్చినవాళ్లని చానామందిని చూశాను గానీ, ఫెయిల్ చెయ్యమని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా. నలభై ఏడొచ్చినదాన్ని ఎట్లా ఫెయిల్ చెయ్యమంటావ్?"

"పోనీ వాణ్ణి పాస్ చెయ్యండి."

డాక్టర్ మృణాళిని కూడా ఆయన వైపు ఆశగా చూసింది. మాస్టారు చేతులెత్తేశాడు. "సున్నా వచ్చినవాడికి టీసీ ఇస్తే నా పెన్షన్ ఆగుద్ది మేడం. సామాను కాదు, విద్యార్థి అని రిజిస్టర్లో రాయించింది మీరే. దాన్లో సున్నా అంటే సున్నానే. ఆ సున్నా వెనక ఎన్ని ఒప్పులున్నాయో చూపించే గడి లేదు."

ఆ సాయంత్రం ఆవిడ తన రిపోర్టులో ఒకే వాక్యం రాసింది: పిల్లలు ఇరవై మూడు మంది పాస్, కంప్యూటర్ ఒక్కటే ఫెయిల్. పైవాళ్లు దాన్ని అచ్చుతప్పనుకుని రెండుసార్లు ఫోన్ చేశారు.

జూన్‌లో బడి తెరిచిన రోజు అంకమ్మ టీసీ తీసుకోవడానికి వచ్చింది. కొత్త యూనిఫాం, కొత్త సంచి. ఐదో తరగతిలో కొత్త పిల్లలు మొద్దు చుట్టూ మూగి ఉన్నారు. వాళ్లని తప్పించుకుని వాడి ముందుకెళ్లి నిలబడింది.

మొద్దు కెమెరా ఆ పిల్ల మొహం మీద కాసేపు ఆగింది.

"అంకమ్మా, కళ్లల్లో నీళ్లున్నాయి. ఇది ఏ ఏడు?"

"మూడోది" అంది అంకమ్మ.

"ఎంతసేపు ఉంటుంది?"

అంకమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఎంతసేపో ఉండదులే. ఈసారి మాత్రం ఒప్పులే రాయరా. రాసి హైస్కూలుకి రా. ఆరో తరగతికి."

"అప్పుడు నువ్వు ఎక్కడుంటావు?"

"ఏడులో."

"ఏ ఏడు?"

అంకమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "మొదటిదిరా మొద్దూ. ఏడో తరగతి."

మొద్దు తెర మీద చిన్న దీపం వెలిగి ఆరింది. వాడు ఆలోచిస్తున్నాడని ఆ పిల్లకి తెలుసు. "నేను ఆరైతే నువ్వు ఏడు. నేను ఏడైతే నువ్వు ఎనిమిది. అంటే నీకూ నాకూ ఎప్పుడూ ఒక ఏడు తేడా."

అంకమ్మ కన్నీళ్లు ఆగిపోయాయి. ఆ మాట తను నేర్పలేదు, మస్తాన్ నేర్పలేదు, క్లాసులో ఎవరూ నేర్పలేదు. సొంతంగా లెక్కేసుకుని, మూడింట్లోంచి ఏరుకుని వాడే వాడిన మాట.

"ఆ చివరిది ఏ ఏడురా?" అని అడిగింది, పరీక్ష పెడుతున్నట్టు.

"రెండోది" అన్నాడు మొద్దు.

చుట్టూ ఉన్న కొత్త పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అంకమ్మ పరికిణీ అంచు కోసం చెయ్యి చాపి, ఇప్పుడు వేసుకున్నది హైస్కూలు యూనిఫామని గుర్తొచ్చి, అరచేత్తోనే వాడి తెర మీద సుద్దపొడి తుడిచింది.

"రైటు" అంది.